ఖాళీ కుర్చీల లెక్క ముందు మీరు చెప్పండి: మేజర్ లీగ్ బేస్‌బాల్ యజమానులకు బహిరంగ లేఖ

కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ గారికి, 30 జట్ల యజమానులకు,

నమస్కారం.

ఆటగాళ్ళ సంఘంతో మీకున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఆటగాళ్ళ జీతాలకు పైన ఒక హద్దు, అంటే శాలరీ క్యాప్ ఉండాలన్న మాట మీ వైపు నుంచి గట్టిగానే వినిపిస్తోంది. ఆ బేరానికి కూర్చున్నప్పుడు మీలో కొందరు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: మా ఊళ్ళో జనం రావడం లేదండీ, డబ్బెక్కణ్ణుంచి తెచ్చి పెట్టమంటారు అని. నేను రాస్తున్నది ఆ మాట గురించే. శాలరీ క్యాప్ మంచిదా చెడ్డదా అన్నది మీరూ ఆటగాళ్ళూ తేల్చుకోండి.

మాది ఫ్రీమాంట్. బే ఏరియాలో తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. ఓక్లండ్ అథ్లెటిక్స్, అందరూ పిలిచే పేరు ఏస్, ఒకప్పుడు మా ఊరికే రాబోయింది. 2006లో ఇక్కడ సిస్కో ఫీల్డ్ అని కొత్త స్టేడియం కడతామన్నారు, 2009లో ఆ ఆలోచన మానుకున్నారు. మాకు పెద్ద తేడా పడలేదు. బార్ట్ రైలెక్కితే కొలీజియం స్టేషన్, దిగి ఆ వంతెన మీద నడిస్తే ఏస్ ఆడే కొలీజియం స్టేడియం గేటు. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియని మాలాంటి ఎంతోమందికి బేస్‌బాల్ నేర్పింది ఆ కాంక్రీట్ గిన్నె. సిలికాన్ వ్యాలీలో ఓ కుటుంబం మొత్తం చేతి చమురు పెద్దగా వదలకుండా చూడగలిగిన పెద్ద ఆట అదొక్కటే. కుడివైపు గ్యాలరీలో డప్పులు కొట్టే బ్యాచ్ ఉండేది. మన జాతర డప్పంత కాకపోయినా, ఊరు గుర్తొచ్చేది.

ఇప్పుడక్కడ ఏస్ లేదు. 2023 నవంబర్ 16న మీరంతా ఓటేసి, ఒక్కరు కూడా అడ్డు చెప్పకుండా 30-0తో ఆ జట్టును లాస్ వేగస్ పంపడానికి ఒప్పుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అని మా వాళ్ళంటారు. ఊరు మారే జట్టు లీగ్‌కి కట్టాల్సిన రుసుము కూడా మాఫీ చేశారు. ఓక్లండ్‌లో జనం రావడం లేదన్నది అప్పట్లో మళ్ళీ మళ్ళీ వినిపించిన కారణాల్లో ఒకటి.

అంకెల వరకు అది నిజమే. 2022లో ఏడాది మొత్తానికి వచ్చింది 7,87,902 మంది. 2023 మే 15న అరిజోనాతో ఆడినప్పుడు ప్రకటించిన హాజరు 2,064. కొన్ని పెళ్ళిళ్ళకి అంతకన్నా ఎక్కువమంది వస్తారు. అయితే ఆ 2,064కి ముందు ఏం జరిగిందో కూడా పక్కనే రాసి చూడాలి కదా.

2021 జట్టు గుర్తుందా? మొదటి బేస్‌లో మాట్ ఓల్సన్, మూడో బేస్‌లో మాట్ చాప్‌మన్, బంతి వేసే పిచ్చర్లు క్రిస్ బాసిట్, షాన్ మనేయా. ఆ సీజన్ అయిపోగానే మేనేజర్ బాబ్ మెల్విన్‌ని శాన్ డియేగో తీసుకుపోతానంటే పొమ్మన్నారు. 2022 సీజన్ మొదలయ్యేలోపు ఓల్సన్‌ని అట్లాంటాకి, చాప్‌మన్‌ని టొరంటోకి, బాసిట్‌ని న్యూయార్క్ మెట్స్‌కి, మనేయాని శాన్ డియేగోకి ట్రేడ్ చేసేశారు. ఆ తర్వాతి శీతాకాలంలో క్యాచర్ షాన్ మర్ఫీ కూడా అట్లాంటా దారి పట్టాడు. జీతాల ఖర్చు ఒక్క ఏడాదిలో దాదాపు సగానికి పడిపోయింది. అదే సమయంలో సీజన్ టికెట్ల ధరలు పెంచారు. జట్టును ఖాళీ చేసి టికెట్ రేటు పెంచితే జనం వస్తారా? వాళ్ళు రాలేదని ఆశ్చర్యపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆశ్చర్యపోవాల్సింది వాళ్ళని చూసే.

మా నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడల్లా ఆట చూడ్డానికి తీసుకెళ్ళేవాణ్ణి. గుంటూరు బ్రహ్మానంద రెడ్డి స్టేడియంలో మ్యాచ్‌లు చూసిన మనిషి, రెండు మూడు ఆటల్లోనే పట్టు దొరికిపోయింది. చాప్‌మన్ మూడో బేస్‌లో బంతి ఆపే తీరు ఆయనకి తెగ నచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు చాప్‌మన్ లేడు. "ఏమయ్యాడు? దెబ్బ తగిలిందా?" అని అడిగారు. లేదు నాన్నా, జీతం పెంచాల్సిన టైమ్ దగ్గర పడిందని పంపించేశారు అన్నాను. "బాగా ఆడినందుకా?" అన్నారాయన. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

మీరు చెప్పగల జవాబు ఒకటి నాకు తెలుసు. 2018లోనూ 2019లోనూ ఏస్ 97 ఆటల చొప్పున గెలిచింది, అయినా ఆటకి సగటున 20 వేల చుట్టుపక్కలే వచ్చారుగా అంటారు. నిజమే, వచ్చింది అంతే. టాంపా బే సంగతి కూడా తీస్తారు: 2019లో 96 గెలుపులు, ఏడాదికి 12 లక్షల లోపు జనం. అంటే గెలిచినా రాని ఊళ్ళు కొన్ని ఉంటాయి, వాటిలో డబ్బు పోయడం దండగ అన్నది మీ వాదన. ఇది కొట్టిపారేసే వాదన కాదు కాబట్టి కాస్త ఆగుతాను.

శాన్ డియేగో చూడండి. టీవీ మార్కెట్ లెక్కన మీ లీగ్‌లో చిన్న ఊళ్ళలో ఒకటి. 2017లో వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు చార్జర్స్ లాస్ ఏంజిలిస్ వెళ్ళిపోయింది. అక్కడి బేస్‌బాల్ జట్టు పాడ్రేస్ యజమాని పీటర్ సైడ్లర్ చిన్న ఊరన్న మాట పక్కన పెట్టి మచాడోని, టాటిస్‌ని, బోగార్ట్స్‌ని పెద్ద పెద్ద ఒప్పందాలతో కట్టిపడేశారు. 2023లో ఆ జట్టు ఏమంత ఆడలేదు. 82 గెలుపులు, 80 ఓటములు, పోస్ట్‌సీజన్‌కి కూడా వెళ్ళలేదు. అయినా ఆ ఏడాది వచ్చిన జనం 32 లక్షలు దాటారు, అప్పటికి వాళ్ళ చరిత్రలో అదే ఎక్కువ. ఆ నవంబర్‌లోనే సైడ్లర్ కన్నుమూశారు. జనం మాత్రం ఆ తర్వాతి ఏళ్ళలోనూ తగ్గలేదు.

97 గెలిచిన ఓక్లండ్‌కి జనం లేరు, 82 గెలిచిన శాన్ డియేగోకి కిటకిట. గెలుపే జనాన్ని తెస్తుందన్న సూత్రం ఇక్కడ పనిచేయలేదు. నేను చూసినంతవరకు జనాన్ని తెచ్చేది నమ్మకం. ఈ ఏడాది మా పిల్లాడికి ఏ పేరు మీద జెర్సీ కొంటే ఆ పేరు వచ్చే ఏడాదీ జట్టులో ఉంటుందన్న నమ్మకం. ఓక్లండ్‌లో 2019లో ఆట బాగుంది, కానీ ఈ కుర్రాళ్ళు రెండేళ్ళలో వెళ్ళిపోతారని పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. తెలిసినట్టే వెళ్ళిపోయారు. టాంపాలో బ్లేక్ స్నెల్ 2018లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు, 2020 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో బ్రహ్మాండంగా వేస్తున్నవాణ్ణి మధ్యలో దింపేశారు, రెండు నెలలకే ట్రేడ్ చేశారు. ఎక్కడికి? శాన్ డియేగోకే. అంతటి పిచ్చర్‌ని వరల్డ్ సిరీస్ ముగిసిన ఏడాదే పంపేస్తే, ఆ ఊరివాడు మర్నాడు సీజన్ టికెట్ కోసం క్యూలో నిలబడతాడా?

అదీగాక, ఓక్లండ్ జనం రాని ఊరేమీ కాదు. అదే ఊరు, అదే స్టేడియం, రెండు అంకెలు పక్కపక్కన పెడతాను. 1979లో చార్లీ ఫిన్లీ గారి చేతిలో, జట్టును అమ్మకానికి పెట్టి, తారల్నంతా పోగొట్టుకున్నాక వచ్చింది 3,06,763 మంది. ఏప్రిల్‌లో ఒక రాత్రి 653 టికెట్లే అమ్ముడయ్యాయి. 1980లో లీవైస్ జీన్స్ కుటుంబానికి చెందిన వాల్టర్ హాస్ కొన్నారు. ఆటగాళ్ళ మీద ఖర్చు పెట్టారు, ఊరితో కలిసిపోయారు. 1989లో వరల్డ్ సిరీస్ గెలిచారు. 1990లో వచ్చింది 29,00,217 మంది. బే అవతల ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఆ ఏడాది 20 లక్షలు కూడా రాలేదు! 11 ఏళ్ళలో ఓక్లండ్ జనాభా తొమ్మిదింతలు కాలేదు. యజమాని మారారు, అంతే.

హాస్ గారి పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. జెయింట్స్ శాన్ హోసే వైపు వెళ్ళాలనుకున్నప్పుడు ఆ ఊరున్న శాంటా క్లారా కౌంటీలో జట్టు పెట్టుకునే హక్కుల్ని ఆయన పైసా తీసుకోకుండా ఇచ్చేశారు. జెయింట్స్ వెళ్ళలేదు. హక్కులు తిరిగి ఇవ్వలేదు. తర్వాత ఏస్ శాన్ హోసేకి పోతామంటే ఆ హక్కుల్నే అడ్డం పెట్టారు. శాన్ హోసే నగరం కోర్టుకెక్కింది. 1922 నాటి సుప్రీం కోర్టు తీర్పు వల్ల బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య చట్టాలు వర్తించవు కాబట్టి ఓడిపోయింది. 2015లో సుప్రీం కోర్టు అప్పీలు వినడానికి కూడా ఒప్పుకోలేదు. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఏస్ యజమాని జాన్ ఫిషర్ గారి పట్ల కూడా న్యాయంగా ఉండాలి కాబట్టి. ఆయన, లూ వుల్ఫ్ 2005లో 18 కోట్ల డాలర్లకి జట్టును కొన్నప్పటి నుంచి స్టేడియం సమస్య నిజంగా ఉంది. 2013లో డ్రెస్సింగ్ రూముల్లోకి మురుగునీళ్ళు వచ్చాయి. ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ కోసం 1990ల్లో కట్టిన ఆ ఎత్తైన గోడ లాంటి గ్యాలరీ ఓక్లండ్ కొండల్ని మూసేసింది. స్టేడియం ఎక్కడ కట్టాలో తేల్చమని మీ లీగ్ 2009లో వేసిన కమిటీ ఏళ్ళ తరబడి ఏమీ తేల్చలేదు. ఈ దారులన్నీ మూసింది ఫిషర్ ఒక్కరే కాదు, మీరూ మూశారు.

కానీ స్టేడియం పాతదైతే మూడో బేస్‌లో మంచి ఆటగాణ్ణి ఉంచుకోకూడదని ఎక్కడా లేదు. స్టేడియమే అసలు కారణమైతే పిట్స్‌బర్గ్ సంగతేమిటి? 2001లో తెరిచిన పీఎన్‌సీ పార్క్, నది, వంతెన, వెనక ఊరు... అమెరికాలో అంతకన్నా అందమైన బేస్‌బాల్ స్టేడియం లేదని చాలామంది అంటారు. అక్కడ పాల్ స్కీన్స్ 2025లో 1.97 ఈఆర్‌ఏతో (అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు రెండు లోపే) సై యంగ్ గెలిచాడు. అతని గెలుపోటములు చూస్తే 10, 10. వాడు పరుగులివ్వడు, జట్టు పరుగులు తీయదు. ఆ ఏప్రిల్‌లో సొంతూళ్ళో మొదటి ఆట రోజే యజమాని బాబ్ నట్టింగ్‌ని జట్టు అమ్మేయమంటూ అభిమానులు స్టేడియం పైన విమానంతో బ్యానర్ ఎగరేశారు. కొత్త స్టేడియం వస్తే ఖర్చు పెడతామనే మాటని పిట్స్‌బర్గ్‌వాళ్ళు ఎలా వింటారో మీరే ఊహించుకోండి.

ఇక 2023 జూన్ 13. ఆ సాయంత్రం గురించి మీలో ఎంతమంది నిజంగా తెలుసుకున్నారో గానీ, మాకు మాత్రం అది మర్చిపోలేని రోజు. అభిమానులు తిరగేసిన బహిష్కరణ చేశారు. రావడం మానేయడం కాదు, అందరూ ఒకేసారి రావడం. ముందే డబ్బులు పోగేసి 'సెల్' (అమ్మేయ్) అని రాసున్న ఆకుపచ్చ టీషర్టులు పంచారు. 27,759 మంది వచ్చారు. ఆట ఒక దశలో స్టేడియం మొత్తం కావాలనే నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా జట్టును అమ్మేయమని అరిచింది. అప్పటికి లీగ్‌లో అన్నిటికన్నా మంచి రికార్డున్న టాంపా బే మీద, అన్నిటికన్నా చెత్త రికార్డున్న ఏస్ 2-1తో గెలిచింది. వరసగా ఏడో గెలుపు! నెల కిందట 2,064, ఇప్పుడు 27,759. అదే జట్టు, అదే స్టేడియం, అదే పనిరోజు ట్రాఫిక్.

అదే రోజు నెవాడా సెనేట్ కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. కమిషనర్ గారూ, రెండు రోజుల తర్వాత మీరు విలేకరులతో ఏమన్నారో గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క రాత్రి దాదాపు లీగ్ సగటంత జనం వచ్చారు, బాగుంది అన్నట్టు మాట్లాడారు. మా పిల్లలు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నా మేం అంత వెటకారంగా మాట్లాడం, మేమసలే తెలుగు తల్లిదండ్రులం.

2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో చివరి ఆటకి 46,889 మంది వచ్చారు. ఏస్ 3-2తో టెక్సస్ మీద గెలిచింది. గొడవలవుతాయని టెన్షన్ పడినవాళ్ళున్నారు, కానీ ఎక్కువమంది ఆట అయ్యాక కూడా కదలకుండా కూర్చుండిపోయారు.

అసలు చోద్యం ఆ తర్వాత మొదలైంది. ఏస్ చరిత్రలో అప్పటిదాకా అతిపెద్ద ఒప్పందం 2004లో ఎరిక్ చావెజ్‌కి ఇచ్చిన 6.6 కోట్ల డాలర్లది. 20 ఏళ్ళు ఆ రికార్డు అలాగే ఉంది. ఓక్లండ్ వదిలిన రెండు నెలలకే, 2024 డిసెంబర్‌లో పిచ్చర్ లూయిస్ సెవెరినోకి 6.7 కోట్లు ఇచ్చారు. బ్రెంట్ రూకర్‌తో, లారెన్స్ బట్లర్‌తో దీర్ఘకాలపు ఒప్పందాలు చేసుకున్నారు. ఇంతకీ ఎక్కడ ఆడటానికి? లాస్ వేగస్ స్టేడియం 2028కి గానీ తయారవదు. అప్పటిదాకా శాక్రమెంటోలో, మైనర్ లీగ్ జట్టు ఆడుకునే స్టేడియంలో. పట్టేది సుమారు 14 వేలు. 2025లో సగటున వచ్చింది 10 వేల లోపే. జనం లేకపోతే ఖర్చు పెట్టలేం అన్న జట్టు, అంత తక్కువ జనం మధ్య ఖర్చు పెట్టడం మొదలెట్టింది!

ఎందుకు పెట్టారో పత్రికలన్నీ రాశాయి. జట్లన్నీ తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి కుండలో వేస్తాయి, దాన్ని 30 మందీ సమానంగా పంచుకుంటారు. చిన్న జట్లకి ఇందులో మిగిలేది ఎక్కువ. అలా తీసుకున్న సొమ్ముకి ఒకటిన్నర రెట్లు జీతాల మీద పెట్టకపోతే ఆటగాళ్ళ సంఘం ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు వస్తుందేమోనని 2025లో జేబులోంచి డబ్బు బయటికి వచ్చింది. ఒక్క నిబంధన, అదీ సరిగా పళ్ళు లేని నిబంధన, ఓక్లండ్ జనం ఏళ్ళ తరబడి అరిచినా జరగని పనిని ఒక చలికాలంలో చేసింది. 2025లో నిక్ కర్ట్జ్ అనే కుర్రాడు ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టి, రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. చక్కటి జట్టు తయారవుతోంది. ఓక్లండ్‌వాళ్ళు టీవీలో చూసుకోవాలి.

అందుకే నేనడిగేది పెద్ద ఆదర్శమేమీ కాదు. మీరు జీతాలకు పై హద్దు అడిగేటట్టయితే కింద హద్దు కూడా అదే కాగితంలో, అంకెతో సహా ఉండాలి. ఇప్పుడున్న పద్ధతిలో 2025లో 24.1 కోట్ల డాలర్లు దాటి ఖర్చు పెట్టిన జట్టుకి పన్ను పడింది. దాంట్లో పావు వంతు ఖర్చు పెట్టిన జట్టుకి ఏమీ పడదు. ఎక్కువ పెట్టినవాడికి జరిమానా, పెట్టనివాడికి ఉమ్మడి కుండలోంచి వాటా. బాస్కెట్‌బాల్‌లో ఇలా కుదరదు, అక్కడ క్యాప్‌లో 90 శాతం పెట్టి తీరాలి. మా ఐపీఎల్‌లో కూడా కుదరదు. 2025 సీజన్ వేలంలో ఒక్కో జట్టుకి 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చి, అందులో కనీసం 75 శాతం ఖర్చు పెట్టాలన్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి కప్పు రాకపోవచ్చు, తిట్టుకుంటాం. కానీ ఈ ఏడాది ఖర్చు పెట్టబుద్ధి కావడం లేదని ఓనర్ చేతులు ముడుచుకుని కూర్చునే వీలు మాత్రం లేదు.

ఊరు మార్చడానికి కూడా అదే హద్దు పెట్టండి. వరసగా కొన్నేళ్ళు ఆ కింద హద్దు దాకా ఖర్చు పెట్టని యజమాని, జనం రావడం లేదన్న కారణం మీద తరలింపు అడగడానికి వీల్లేదని రాయండి. హాజరు అంకెల్ని మీ ముందు పెట్టేటప్పుడు అదే కాలానికి జీతాల అంకెల్ని, టికెట్ ధరల్ని పక్కన పెట్టి తీరాలని రాయండి. ఎన్నేళ్ళు అన్నది మీరూ సంఘమూ తేల్చుకోండి. నా వరకు అయిదు చాలు.

ఇంకా, లెక్కలు. అట్లాంటా బ్రేవ్స్ స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కాబట్టి దాని ఆదాయం, ఖర్చు మూడు నెలలకోసారి అందరికీ తెలుస్తున్నాయి. దానివల్ల బ్రేవ్స్‌కి ఏ నష్టమూ రాలేదు. ప్రజల దగ్గర స్టేడియానికి డబ్బు అడిగే ప్రతి జట్టూ ముందు ఆ మాత్రం లెక్క చూపించాలి. నష్టాల్లో ఉన్నామంటూనే, 18 కోట్లకి కొన్న జట్టు విలువ 100 కోట్ల డాలర్లు ఎప్పుడో దాటిపోయిందంటే, ఆ నష్టం ఏ రకం నష్టమో మాలాంటి లెక్కలు వచ్చినవాళ్ళకి కూడా అర్థం కావడం లేదు. ఫ్రీమాంట్‌లో లెక్కలు రానివాళ్ళు తక్కువేనండీ.

ఓక్లండ్ సంగతికొస్తే, అక్కడ జనం ఖాళీగా లేరు. ఓక్లండ్ బాలర్స్ అని పయనీర్ లీగ్ జట్టు ఒకటి 2024లో వెస్ట్ ఓక్లండ్‌లోని రైమాండి పార్క్‌లో మొదలైంది. అభిమానులే డబ్బు పెట్టి వాటాలు కొన్నారు. రెండో ఏడే, 2025లో, లీగ్ గెలిచారు. కొలీజియంకి 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ వచ్చింది. మొదటి ఆటలోనే ఫిన్ అలెన్ 19 సిక్సర్లు కొట్టాడు. బార్ట్ వంతెన మీద మళ్ళీ తెలుగు వినిపించింది, ఈసారి బ్యాటు వేరే ఆకారంలో ఉంది, అంతే.

లాస్ వేగస్‌లో మీరు కడుతున్న స్టేడియంలో 33 వేలమంది పడతారట. 2028లో మొదటి ఏడాది కొత్త మోజుతో నిండుతుంది, సందేహం లేదు. అసలు పరీక్ష అప్పటికి కర్ట్జ్ జీతం పెంచాల్సిన టైమ్ వచ్చినప్పుడు. అతన్ని ఉంచుకుంటారా, అట్లాంటాకి పంపుతారా? ఈ ప్రశ్నకి జవాబు కొత్త ఒప్పందంలో రాసి ఉండాలని కోరుతూ, ఆ కాగితం మీద సంతకాలయ్యాక దాన్ని పూర్తిగా చదవడానికి ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఫ్రీమాంట్ నుంచి ఒక ఏస్ అభిమాని